ఇదంతా ఎవలు కలిపిండ్రు?

2021 ఫిబ్రవరి 2, మంగళవారం. సాయంత్రం హైదరాబాదులో నాగోలు మెట్రో స్టేషన్ దగ్గర అంబులెన్సు వచ్చి ఆగింది. దిగిన డాక్టర్ల చేతిలో ఓ పెట్టె. చూడ్డానికి పెళ్లిళ్లలో కూల్‌డ్రింకులు చల్లగా ఉంచే ఐసు డబ్బాలాగే ఉంది. లోపల మంచు మధ్య, ఒకదానిలో ఒకటి పెట్టిన సంచుల్లో, నల్గొండ వైపు రైతు ఒకాయన గుండె.

రైలెక్కారు. తలుపులు మూసుకున్నాయి. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్, బేగంపేట, అమీర్‌పేట... మధ్యలో 16 స్టేషన్లు. ఎక్కడా ఆగలేదు. 21 కిలోమీటర్లు అరగంటలో దాటేసి జూబిలీ హిల్స్ చెక్‌పోస్టులో ఆగింది. కింద ఇంకో అంబులెన్సు. అక్కణ్నుంచి అపోలో ఆసుపత్రి. డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం ఆ గుండెను వేరొక మనిషి ఛాతీలో అమర్చింది. హైదరాబాద్ మెట్రోలో గుండె ప్రయాణం చేయడం అదే మొదటిసారి.

అక్కడికి రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల అవతల, మహారాష్ట్ర నాందేడు జిల్లా ఉమ్రిలో, మా ఇంట్లో టీవీ ముందు మా కాక, అంటే చిన్నాన్న, మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. మంగళవారం, శుక్రవారం ఆయనకు నాందేడులో డయాలసిస్. ఆ రెండు రోజులూ ఇంటికొచ్చాక మాట్లాడడు. నీళ్లు కావాలన్నా చెయ్యే చూపిస్తాడు. నీళ్లకు కూడా లెక్కే, గ్లాసు కాదు, గుక్కలు. ఎడమ ముంజేతి మీద డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోట వేలు పెడితే, అగ్గిపెట్టెలో తుమ్మెదను పట్టినట్టు జుయ్యిమని అదురుతుంది. మా ఇంట్లో చిన్నపిల్లలకు అదో ఆట.

ఆ రోజు మాత్రం కాక లేచి కూర్చున్నాడు.

"గుండెకాయ రైలెక్కిందట్రా! రైతేనట ఇచ్చింది."

టీవీలో డాక్టర్లను చూపించారు, రైలును చూపించారు, పెట్టెను మళ్లీ మళ్లీ చూపించారు. కాక చూసి చూసి ఒకటే మాట అడిగాడు.

"అది సరే. ఒక దవాఖానల సచ్చిపోయినాయన, ఇంకో దవాఖానల బతకాల్సినాయన. నడుమ రైలు, పోలీసోళ్లు, డాక్టర్లు. ఇదంతా ఎవలు కలిపిండ్రు?"

టీవీ ఆ మనిషిని చూపించలేదు. నాకూ తెలియదు. మా కాక పుణ్యమా అని తర్వాత తెలిసింది.

ఉమ్రి గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈ కథలో తారీఖులు, రైళ్లు ఎందుకు ఇంతగా వస్తాయో అర్థం కాదు. 1956 నవంబరు 1 దాకా మేమూ హైదరాబాదు రాష్ట్రమే. ఆ రోజు గీత గీశారు. మరాఠ్వాడా అటు పోయింది, తెలంగాణ ఇటు వచ్చింది, మా ఇళ్లలో తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. బడిలో మరాఠీ, బజారులో మరాఠీ, వంటింట్లో తెలుగు. చరిత్ర పుస్తకాల్లో ఉమ్రికి ఒకే ఒక్క పేజీ: 1948 జనవరి 30న, గాంధీజీని కాల్చిన రోజే, నిజాం మీద పోరాడుతున్న స్వాతంత్ర్య యోధులు ఇక్కడి బ్యాంకు మీద పడి ఇరవై లక్షల పైన పట్టుకుపోయారు. ఉద్యమానికే వాడారు. ఆ తర్వాత ఉమ్రిలో పేపరెక్కేంత సంగతి పెద్దగా జరిగినట్టు లేదు. పత్తి, సోయాబీను, రైలు స్టేషను.

రోగం వచ్చినప్పుడు మాత్రం ఆ గీత గట్టిగా తగులుతుంది. అవయవాల పంపిణీకి మహారాష్ట్రలో నాలుగు ప్రాంతీయ కేంద్రాలున్నాయి: ముంబై, పుణె, నాగపూర్, ఔరంగాబాద్. మేం ఔరంగాబాద్ కిందికి వస్తాం. గీతకు అటు హైదరాబాదు, తెలంగాణ వాళ్ల జీవన్‌దాన్. కిడ్నీ మార్పిడికి కాకకు ఔరంగాబాద్ మనసుకు రాలేదు. దానికి కారణం వైద్యం కాదు. "నొప్పి ఏ భాషల చెప్పాల్నో ఆ భాషలనే చెప్త. అక్కడికి పోయి తర్జుమా చేసుకుంట కూసుంటనా?" అన్నాడు. నాకు ఆ మాటలో తప్పు కనిపించలేదు.

ఇక ఆయన ప్రశ్న. ఆ రోజు గురించి చదివినవీ, ఆ పనిలో ఉన్నవాళ్లు చెప్పినవీ దగ్గర పెట్టుకుని ఆ సాయంత్రాన్ని వెనక్కి తిప్పితే బొమ్మ ఇలా వస్తుంది.

ఎల్‌బీ నగర్ కామినేని ఆసుపత్రిలో ఆ రైతు బ్రెయిన్ డెడ్ అయ్యారు. ఆ మాట ఒక్క డాక్టరు అంటే చెల్లదు. నలుగురుండాలి: ఆసుపత్రి బాధ్యుడు, చికిత్స చేస్తున్న డాక్టరు, నరాల డాక్టరు, బయటి జాబితాలోంచి మరొక నిపుణుడు. అవయవాలు అమర్చే బృందంలోని వాళ్లెవరూ ఆ నలుగురిలో ఉండకూడదు. పరీక్షలు ఒకసారి చేసి, కనీసం ఆరు గంటలు ఆగి, మళ్లీ చేస్తారు. కంట్లో లైటు వేస్తే పాప చిన్నదవుతుందా, వెంటిలేటరు తీసి చూస్తే ఊపిరి దానంతట అది కదులుతుందా. రెండోసారి కూడా లేదంటేనే కాగితం మీద సంతకం.

ఆ ఆరు గంటలూ బయట బెంచీ మీద కుటుంబం ఉంటుంది. లోపల గుండె కొట్టుకుంటోంది, ఛాతీ లేస్తోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. మనిషి మాత్రం లేడంటున్నారు. నమ్మడం ఎట్లా? ఆ బెంచీ మీద వాళ్ల పక్కన వచ్చి కూర్చునే మనిషే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్. ఈ పనికి శిక్షణ ఇచ్చేటప్పుడు మొదట నేర్పే పాఠం ఒకటుంది: చావు వార్తనూ, అవయవాల మాటనూ ఒకే ఊపిరిలో చెప్పకూడదు. ముందుది వాళ్లకు ఎక్కాలి. ఏడవాలి. ఊళ్లో పెద్దన్నకు ఫోను చెయ్యాలి. ఆ తర్వాతే, అదీ వాళ్లు వినగలిగితేనే, రెండో మాట. చెన్నైలో 1997లో డాక్టర్ సునీల్ ష్రాఫ్ మొదలుపెట్టిన మోహన్ ఫౌండేషన్ ఇలాంటి కోఆర్డినేటర్లకు పాఠాలు చెబుతూ వచ్చింది. హైదరాబాదులో కూడా. మన దగ్గర ఇంత పద్ధతిగా నేర్పే పని ఇంకొకటి ఉందా అని నాకు అనుమానం. ఓదార్చడానికి కూడా తరగతి ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు.

ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. ఇక్కణ్నుంచి గడియారం ఉల్టా తిరుగుతుంది.

కబురు జీవన్‌దాన్‌కు పోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో మొదలైన పథకం, నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా నడుస్తుంది, అప్పట్లో దాన్ని చూసుకుంటున్నది నెఫ్రాలజిస్టు డాక్టర్ జి. స్వర్ణలత. వాళ్ల దగ్గర జాబితా. ఎవరికి ఏ అవయవం కావాలి, ఏ బ్లడ్ గ్రూపు, ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నారు, ఎవరి పరిస్థితి చేయి దాటుతోంది. గుండెకైతే మనిషి కొలత కూడా చూడాలి. భారీ మనిషికి చిన్న గుండె చాలదు. పేరు తేలగానే ఆ ఆసుపత్రి కోఆర్డినేటరుకు ఫోను, ఆమె నుంచి రోగికి ఫోను. "ఏమీ తినకండి, నీళ్లు కూడా తాగకండి, బయల్దేరండి."

రోగి రావాలి, రక్తపరీక్షలు కావాలి, మత్తు డాక్టరు దొరకాలి, ఆపరేషన్ థియేటరు ఖాళీ ఉండాలి. అక్కడ దాత దగ్గర కూడా అంతే. ఒక్క గుండె బృందమే కాదు, కాలేయం వాళ్లు, కిడ్నీల వాళ్లు వేర్వేరు ఆసుపత్రుల నుంచి వస్తారు. అందరికీ కుదిరిన వేళ ఒకటి తేలాలి. గుండె బయటికి తీశాక నాలుగు గంటలకు మించి ఆలస్యం చేయలేరు. కాలేయం పది పన్నెండు గంటలు ఓర్చుకుంటుంది, కిడ్నీ ఒక రోజు దాకా ఆగుతుంది. అందుకే అక్కడి సర్జన్ గుండెను కళ్లతో చూసి, చేత్తో పట్టి "బాగుంది" అని ఫోన్లో చెప్పేదాకా ఇక్కడ రోగి ఛాతీ మీద కత్తి పెట్టరు. ఆ రెండు థియేటర్ల మధ్య ఫోను పట్టుకుని నిలబడేది మళ్లీ కోఆర్డినేటరే.

మిగిలింది రోడ్డు. ఎల్‌బీ నగర్ ఒక చివర, జూబిలీ హిల్స్ ఇంకో చివర. సాయంత్రం వేళ ఆ నడుమ ట్రాఫిక్ ఎట్లా ఉంటుందో హైదరాబాదు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పోలీసులు సిగ్నళ్లు ఆపి దారి వదలడం అప్పటికే అలవాటైన పని. ఈసారి ఆసుపత్రివాళ్లు, పోలీసులు, మెట్రోవాళ్లు కూడబలుక్కుని నేల విడిచి పైకి ఎక్కించారు. టీవీ చూపించింది ఆ అరగంట. ఆ అరగంటకు ముందున్న ఫోన్లు ఎన్నో ఎవరూ లెక్కపెట్టి ఉండరు.

ఇదే దేశంలో గుండె మార్పిడి మొదటిసారి ఫలించినప్పుడు కథ నడిపింది మన తెలుగాయనే. రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆయన ఓ కార్మికుడికి గుండె మార్చారు. భారతదేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి. ప్రపంచంలో మొదటిది 1967లోనే కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ చేతిమీద అయిపోయింది. మనకెందుకు అన్నేళ్లు పట్టింది? చేతులు లేక కాదు, చట్టం లేక. మెదడు చచ్చి గుండె కొట్టుకుంటున్న మనిషిని చనిపోయినట్టు ఒప్పుకునే చట్టానికి రాష్ట్రపతి సంతకం పడింది 1994 జూలై 8న. నెల తిరక్కుండానే వేణుగోపాల్ కత్తి పట్టారు. 2024 అక్టోబరులో ఆయన పోయారు. ఆ రోజు ఉమ్రిలో ఆయన కోసం ఒక దీపం వెలిగిందంటే, అది మా కాక పెట్టిందే.

ఇప్పుడు కాక సొంత కథ.

కాకకు కాకి తన కిడ్నీ ఇస్తానంది. (కాకి అంటే మా చిన్నమ్మ. మరాఠీ పిలుపు, మా దగ్గర తెలుగిళ్లలో కూడా అదే.) ఆమెది ఓ పాజిటివ్, కిడ్నీ విషయంలో అందరికీ సరిపడే గ్రూపు. ఇచ్చేవాళ్లు ఇంట్లోనే ఉంటే ఇక అయిపోయినట్టే అనుకున్నాం. అక్కణ్నుంచే మొదలైంది.

మేం వెళ్లిన ఆసుపత్రి పేరెందుకు. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి. మొదటి రోజే అక్కడి కోఆర్డినేటర్ మేడమ్ ఓ కాగితం చేతిలో పెట్టింది. అటూ ఇటూ రెండు వరసలు, ఒకటి తీసుకునేవాళ్లకు, ఒకటి ఇచ్చేవాళ్లకు. గుండె పరీక్ష. ఊపిరితిత్తులు. టీబీ ఉందా లేదా. హెపటైటిస్ టీకాలు, అవి ఒక్కసారితో అయిపోవు. పళ్ల డాక్టరు. పళ్లెందుకని కాక నవ్వాడు. రేపు ఒంట్లో రోగనిరోధక శక్తిని మందులతో అణగదొక్కితే పుచ్చిపన్నులో దాక్కున్న చీము కూడా ప్రాణం తీస్తుందని ఆమె చెప్పాక నవ్వలేదు. కాకికి కిడ్నీ నాళాలు ఎన్నున్నాయో చూసే సీటీ స్కాను, ఆడవాళ్ల డాక్టరు, మనసు డాక్టరు. ఇద్దరికీ కలిపి క్రాస్‌మ్యాచ్: ఆమె కణాలను ఆయన రక్తం ఎదిరిస్తుందా అని. అది ముందోసారి, ఆపరేషనుకు దగ్గర్లో మరోసారి.

ఒక్కో పరీక్షకు ఒక్కో డాక్టరు. ఒక్కో డాక్టరు వారంలో ఫలానా రోజులే ఉంటాడు. కొన్నింటికి పరగడుపున పోవాలి, కొన్నింటికి తిని పోవాలి. కాకకు మంగళ, శుక్రవారాలు నాందేడులో మిషను. మానడానికి లేదు. అంటే సోమ, బుధ, గురు, శని. అందులో మా దారిన రైళ్లు చూసుకోవాలి. తెల్లవారకముందే ఉమ్రి దాటే అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే హైదరాబాదులో దిగొచ్చు, పరగడుపు పరీక్షలకు అది. పొద్దెక్కాక వచ్చే దేవగిరి ఎక్కితే దిగేసరికి మధ్యాహ్నం, అప్పటికి ఓపీ చీటీలు కట్. ఆ మేడమ్ దగ్గర కంప్యూటరు ఉంది, అయినా ఒక పొడుగు నోటుబుక్కు కూడా పెట్టుకునేది. కాక పేరు ఎదురుగా ఆమె ఎర్ర ఇంకుతో "అజంతా" అని రాసుకోవడం నా కళ్లతో చూశాను. దూరపు ఊరి రోగికి తారీఖు ఇచ్చేటప్పుడు రైలు టైము రాసుకునే మనిషి దొరకడం అదృష్టం. ఆమె కంటే ముందు కౌంటర్లో తారీఖులు రాసిన అబ్బాయి అదేమీ చూడలేదు.

ఆ అబ్బాయి చేతిమీదే ఓ పొరపాటు అయింది. సగం మాది కూడా.

ఒక బుధవారం కాకకు గుండె డాక్టరు అపాయింట్‌మెంటు. రాత్రి మేలుకుని అజంతా ఎక్కాం. సీట్లు లేవు. మంగళవారం డయాలసిస్ అయిన మనిషి బాసర దాకా తలుపు దగ్గరే కూర్చున్నాడు. గోదావరి వంతెన మీద చీకట్లో చేతులు జోడించాడు. ఆసుపత్రికి పోతే డాక్టరు సెలవు. "మీకు ఫోను చేశాం కదా" అన్నారు. మాకు రాలేదు. వాళ్లు చేశామంటారు, మేం రాలేదంటాం. కాక గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఫైలు తెప్పించి చూశాం. మొదటి రోజు ఫారం మీద నెంబరు రాసింది మా తమ్ముడు, కాక కొడుకు. వాడు చదివింది మరాఠీ బడి. అలవాటులో అంకెలు నాగరిలో వేశాడు. నాగరిలో ఒకటి అచ్చం ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటుంది. కౌంటర్లో అబ్బాయి ఒకటిని తొమ్మిది చేసుకుని కంప్యూటరుకు ఎక్కించాడు. మాకు రావాల్సిన ఫోన్లన్నీ ఎవరికో పోయాయి. ఆ ఎవరో, ఎక్కడివాడో, మూడుసార్లు "రాంగ్ నెంబర్" అని పెట్టేశాడట.

గంటసేపు నాకు మాట రాలేదు. ఆ రోజు పోయింది ఒక్క అపాయింట్‌మెంటే. అదే జాబితాలో పేరున్నవాడికి, రాత్రి రెండింటికి, "బయల్దేరండి" అని వెళ్లాల్సిన ఫోనైతే?

కాక మాత్రం ఆ అబ్బాయిని ఏమీ అనలేదు. కొడుకును కూడా. "గీత అవతలికి వస్తే ఒకటి తొమ్మిదైతది" అన్నాడు, అంతే. ఆ తర్వాతే మా ఫైలు మేడమ్ చేతికి మారింది. ఆమె నెంబరు అడిగి రాసుకుని, తిరిగి మాకే ఒక్కో అంకె చదివి వినిపించేది. ఇంకో ఇద్దరివి కూడా తీసుకుంది: మా పక్కింటివాళ్లది, ఉమ్రి స్టేషను బయట చాయ్ బండివాడిది. "మీ అందరి ఫోన్లూ స్విచాఫ్ అయినా ఆయనది మోగుతుంది కదా, పొద్దున నాలుక్కే తెరుస్తాడన్నారు" అంది. ఇలాంటివి ఏ ఫారంలోనూ గడి ఉండదు.

తర్వాత కాగితాలు. భార్య కిడ్నీ ఇస్తుంటే ఆమె నిజంగా భార్యేనని రుజువు కావాలి. డబ్బుకు కొనుక్కున్న కిడ్నీలను భార్య పేరుతో నడిపించిన కాలం ఒకటి గడిచింది కనుక అడగడంలో తప్పులేదు. పెళ్లి సర్టిఫికెట్ తెమ్మన్నారు. 1980ల్లో ఉమ్రిలో పెళ్లికి సర్టిఫికెట్ ఎవరిచ్చారు? రేషన్ కార్డు మరాఠీలో, ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠీ ఇచ్చిన కాగితం మరాఠీలో, పిల్లల పుట్టిన తేదీలు బడి రిజిస్టరులోంచి, అవీ మరాఠీలో. అన్నీ తర్జుమా చేయించి నోటరీ కొట్టించాలి. చివరికి పెళ్లి ఫొటో ఉందా అన్నారు. ఉంది. దేవుడి గూట్లో, అద్దం వెనక చెమ్మకు ఒక మూల తెల్లబడి. ఇద్దరికీ బాసికాలు, కాక తలకు మరాఠీ పద్ధతి ఫేటా, వెనక గోడ మీద సున్నంతో తెలుగులో రాసిన "శుభం". మార్పిడికి అనుమతి ఇచ్చే కమిటీ ముందు కాకి ఆ ఫొటోను కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. "ఎందుకిస్తున్నారమ్మా?" అని వాళ్లడిగితే, ఆమె అర్థం కానట్టు చూసి, "ఈయన లేకుంటే నేనెవలతోని కొట్లాడాలె?" అంది. రాసుకున్నారో లేదో.

చట్టం గురించి ఓ మాట. 2011లో పార్లమెంటు ఆ 1994 చట్టాన్ని సవరించింది. దగ్గరి బంధువుల్లో తాత, నాయనమ్మ, అమ్మమ్మ, మనవలను కలిపింది. కోఆర్డినేటరు లేని ఆసుపత్రికి రిజిస్ట్రేషనే లేదంది. ఈ సవరణ రాష్ట్రం ఒప్పుకుంటేనే అక్కడ చెల్లుతుంది. మహారాష్ట్ర ఒప్పుకుంది. తెలంగాణలో ఉమ్మడి రాష్ట్రం నాటి 1995 చట్టమే నడుస్తూ వచ్చింది. అంటే మా ఉమ్రిలో నాయనమ్మ దగ్గరి బంధువు, బాసర వంతెన దాటితే కాదు! 2025 మార్చి 27న తెలంగాణ అసెంబ్లీ ఆ సవరణను తీసుకుంటూ తీర్మానం చేసింది. పద్నాలుగేళ్లు. ఆలస్యమైందని అనడానికి నాకు మొహమాటమేమీ లేదు.

ఆపరేషన్ 2022 వానకాలంలో అయింది. దాని గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా లేదు, మేం బయట ఉన్నాం. పొద్దున ఏడింటికి ఇద్దరినీ పక్కపక్క థియేటర్లలోకి తీసుకుపోయారు. కాకి ఎడమ కిడ్నీ తీసి కాక పొట్టలో కుడివైపు కింద పెట్టారు. పాతవి తీయరట, అక్కడే వదిలేస్తారట. మెలకువ వచ్చాక ఆ సంగతి చెబితే, "అయితె నావి మూడు, దానిది ఒక్కటేనా? గిదేం పంపకం!" అన్నాడు కాక. రెండేళ్ల తర్వాత మొదటిసారి ఆయన కడుపు నిండా నీళ్లు తాగడం ఆ వారంలోనే చూశాం. స్టీలు చెంబు ఎత్తి, కళ్లు మూసుకుని, గటగటా.

అందరూ ఆపరేషన్ అయితే అయిపోయిందనుకుంటారు. నిజానికి తారీఖులు అప్పుడే జోరందుకుంటాయి. మొదటి నెలల్లో వారానికి రెండుసార్లు. తర్వాత వారానికోసారి, పదిహేను రోజులకోసారి, నెలకోసారి. హైదరాబాదులోనే గది తీసుకుని మూడు నెలలున్నాం. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదనుకుని తరిమేయకుండా ఆపేది టాక్రోలిమస్ అనే మందు. 1984లో జపాన్‌లో, సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు. అంతకుముందు వచ్చిన సైక్లోస్పోరిన్ కూడా నార్వే మట్టిలోని బూజు నుంచే. ఈ సంగతి చెప్పినప్పుడు కాక ముఖం చూడాల్సింది. నలభై ఏళ్లు నల్లరేగడి దున్నిన మనిషి. "మట్టిల మందున్నదన్న మాట. మేం ఎండ్రిన్ పోసి పోసి సంపుకున్నం."

ఈ మందుకు ఒక పట్టుదల ఉంది. పన్నెండు గంటలకొకసారి వేసుకోవాలి. రక్తంలో ఎంత ఉందో చూడాలంటే సరిగ్గా తర్వాతి మాత్రకు ముందు రక్తం తీయాలి. వేసుకుని తీస్తే లెక్క తప్పుతుంది. ఎక్కువ ఉందని డాక్టరు మోతాదు తగ్గిస్తాడు, కిడ్నీ పోతుంది. అందుకని తారీఖు ఉన్న రోజున కాక రాత్రి ఎనిమిదిన్నరకు మాత్ర వేసుకుని, అజంతా ఎక్కి, పొద్దుటి మాత్రను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. హైదరాబాదులో దిగి, ఆటో ఎక్కి, రక్తం ఇచ్చి, ఆ గదిలోనే నీళ్లు అడిగి మాత్ర మింగుతాడు. బండి లేటైతే దార్లోంచి మేడమ్‌కు ఫోను. "కామారెడ్డి దగ్గర నిల్చిందమ్మా." "మాత్ర వేసుకోకు కాకా, నేను ల్యాబ్‌లో చెప్పి పెడతా." ఆమె కూడా ఎప్పుడో కాకా అని పిలవడం మొదలుపెట్టింది.

ఓసారి నేనే అడిగాను, ఇంతమంది తారీఖులు బుర్రలో ఎట్లా పెట్టుకుంటారని. "పెట్టుకోను, రాసుకుంటా. బుర్రలో పెట్టుకుంటే ఇంటికి పోయాక నిద్ర పట్టదు" అంది. ఆమె ఫోను మాత్రం రాత్రిళ్లు దిండు పక్కనే ఉంటుందట. బెల్లు పెద్దగా.

2023లో దేశంలో మరణానంతరం అవయవాలిచ్చినవాళ్ల సంఖ్య మొదటిసారి వెయ్యి దాటింది: 1,099. అందులో 252 తెలంగాణలోనే, దేశంలో అన్నింటికంటే ఎక్కువ. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం, జాబితాలో పేరు రాయించుకోవడానికి స్థానికుడై ఉండాలన్న షరతు వద్దనీ, 65 ఏళ్ల వయసు గీత వద్దనీ రాష్ట్రాలకు చెప్పింది. గీత పక్కన బతికే మాలాంటి ఊళ్లకు అది చిన్న మాట కాదు. ఆ సంగతి ఉమ్రిలో ఎంతమందికి తెలుసో చెప్పలేను. నేనైతే చాయ్ బండి దగ్గర చెబుతూనే ఉన్నాను.

2025 జనవరి 17 రాత్రి ఇంకో గుండె మెట్రో ఎక్కింది. మళ్లీ ఎల్‌బీ నగర్ కామినేని నుంచే, ఈసారి లక్డీకాపూల్ గ్లెనీగల్స్ ఆసుపత్రికి. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. టీవీలో మళ్లీ పెట్టె, మళ్లీ డాక్టర్లు. కాక రొట్టె తుంచుతూ చూశాడు. ఈసారి ప్రశ్నేమీ వేయలేదు. "పాపం, ఎవలో మేడమ్ పొద్దటిసంది అన్నం తినుండది" అన్నాడు.

ఆయన తర్వాతి తారీఖు వచ్చే బుధవారం. అజంతాకు రెండు టికెట్లు తీశాం. ఫైలు మీద ఫోను నెంబరు కాకే రాశాడు, ఇంగ్లీషు అంకెల్లో, ఒక్కోటి విడివిడిగా.